నూజివీటి తోటలలో వేసవి గాలివాన

విజయవాడనుండి ఈశాన్యముగా సుమారు 45 కిలోమీటర్లు పోయినచో నూజివీడు చేరవచ్చును. కృష్ణ కాలువల క్రింద పరచుకొనిన వరిపొలములు వెనుకబడి, ఆగిరిపల్లి శోభనాచలము దాటునప్పటికి నేల రంగు మారును. ఎఱ్ఱమట్టి, అక్కడక్కడ రాతిగుట్టలు, వానను నమ్ముకొనిన మెట్టభూములు కానవచ్చును. ఆ ఎఱ్ఱనేలపై దారికి ఇరుప్రక్కల, గొడుగులు విప్పి నిలిపినట్లు, ముదురుపచ్చని మామిడిచెట్లు బారులు తీరియుండును. రైలులో వచ్చువారు పేరునుబట్టి మోసపోరాదు. నూజివీడు అను పేరుగల రైలు స్టేషను ఊరికి చాల దూరమున, హనుమాన్ జంక్షన్ చెంతనున్నది. అచ్చటినుండి మరల బస్సెక్కి రావలసియుండును.

ఈ యూరు పూర్వము జమీందారీ సంస్థానమునకు ముఖ్యపట్టణము. చాలకాలము కృష్ణాజిల్లాలోనుండి, 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఏలూరు జిల్లాలో చేరినది. పనసకఱ్ఱతో ఇచ్చట చేయు వీణలకు సంగీతజ్ఞులలో మంచి పేరున్నది. మామిడిపై పరిశోధన చేయు కేంద్రము కూడ ఇచ్చటనున్నది. కాని తెలుగు గృహిణికి నూజివీడనగనే ముందుగా తలపునకు వచ్చునది రసము. చిన్నరసాలు, పెద్దరసాలు ఈ నేలలో పండినట్లు మఱియొకచోట పండవని ఇచ్చటివారి గర్వము. బంగినపల్లి మామిడికి ఆ పేరు రాయలసీమలోని యూరినుండి వచ్చినను, ఇచ్చటి తోటలలోను అది విరివిగనే కాయుచున్నది. చెట్టునిండ కాయలు వ్రేలాడుచుండగా వైశాఖమాసమున ఈ దారిని పోవువారికి ఇంతకంటె సుఖమైన సీమ లేదని తోచును. ఆ సుఖమునకు వెనుకనున్న భయమును తెలిసికొనవలెనన్న, ఒక సాయంకాలము పడమటి ఆకాశము నల్లబడునప్పుడు తోటకాపరుల ముఖములు చూడవలెను.

సోదరీమణులారా! మన బల్లపైకి వచ్చు పండు ఎందరి చేతులమీదుగా వచ్చుచున్నదో మనలో పెక్కుమంది ఎఱుగరు. శీతకాలమున చెట్లు పూతపట్టును. మాఘ ఫాల్గుణములలో పిందె కనబడును. చైత్రమునకు కాయ ఊరును. వైశాఖ జ్యేష్ఠములు కోతకాలము. తోటగలవారిలో చాలమంది తామే కాయకోసి అమ్ముకొనరు. పూత కంటబడినప్పుడో, అంతకు ముందో, తోటను ఆ యేటికి గుత్తకిచ్చివేయుదురు. గుత్తదారు కొంతసొమ్ము ముందుగా చెల్లించి, మందులు చల్లించి, నీరు పెట్టించి, కాయ దిగిన తరువాత విజయవాడ చేరువనున్న నున్న మామిడి బజారునకు పంపును. తోటకు కాపలాగా ఒక కుటుంబము చెట్ల నడుమనే పాక వేసికొని మూడునాలుగు నెలలు కాపురముండును. కోతనాడు పురుషులు చిక్కము కట్టిన వెదురుగడలతో కాయలు దింపుదురు. స్త్రీలు వానిని ఏరి, తొడిమ త్రుంచి సొన కార్చి, పెద్దవి చిన్నవి వేరుచేసి, ఎండుగడ్డి పరచి సర్దుదురు. కనుక ఒక చెట్టు కాపుపై తోటయజమాని, గుత్తదారు, కాపరి, కూలి అను నాలుగిండ్ల పొయ్యిలు ఆధారపడియున్నవి. గాలివాన వచ్చినప్పుడు ఆ నాలుగు పొయ్యిలకును దెబ్బ తగులును. అయితే అన్నిటికిని ఒకే విధముగా తగులదు. ఆ సంగతి ముందు చెప్పెదను.

వేసవి గాలివాన వర్షకాలపు వానవంటిది కాదు, సముద్రమునుండి వచ్చు తుపాను వంటిదియు కాదు. భరణి కార్తెనుండి రోహిణి కార్తె వరకు నేల పెనమువలె కాలును. కాగిన నేలను తాకిన గాలి వేడెక్కి పైకి లేచును. అదే సమయమున బంగాళాఖాతమునుండి తేమతో నిండిన గాలి తీరసీమలపైకి వచ్చుచుండును. పడమటినుండి వచ్చు పొడిగాలియు ఈ తేమగాలియు కలిసినచోట మేఘము పుట్టి, మధ్యాహ్నము తెల్లని దూదికుప్పవలె కనబడినది రెండు మూడు గంటలలో 12 మొదలు 15 కిలోమీటర్ల యెత్తునకు పెరుగును. అంత యెత్తున నీరు గడ్డకట్టి మంచుగా మారును. ఆ మంచుకణములు, నీటిబిందువులు ఒండొంటితో రాచుకొనుటచేత మేఘమున విద్యుత్తు చేరును. బరువెక్కిన వాన, వడగండ్లు క్రిందికి పడునప్పుడు చల్లని గాలిని కూడ తమతో దిగలాగికొని వచ్చును. బిందెడు నీళ్లు గచ్చుమీద ఒక్కమాఱు గ్రుమ్మరించినచో నీరు నలుదెసలకు ఎట్లు చిమ్ముకొనునో, ఆ గాలి నేలను తాకి అట్లు చిమ్ముకొనును. ఆ చిమ్మిన గాలియే మనము గాలివాన యనునది. అందుచేతనే వానకంటె గాలి ముందు వచ్చును.

దీనిలో ఒక విశేషమున్నది. నీళ్లు గ్రుమ్మరించినచోటనే గచ్చు తడియును గాని ఇల్లంతయు తడియదు. అట్లే ఈ గాలి పడినచోట చెట్లు కూలును. కోసెడు దూరమున ఆకు కదలకపోవచ్చును. ఒక గ్రామమున ఇంటికప్పులు లేచిపోగా, ప్రక్క గ్రామమువారు ఆరుబయట మంచములు వేసికొని, ఎక్కడనో వాన పడినట్లున్నది, చల్లగాలి వచ్చుచున్నదని సంతోషించుట కలదు. ఒకరి చల్లదనము మఱియొకరి నష్టమునుండి వచ్చినదని వారికి తెలియదు.

గాలివాన రాకను తోటలవారు కనిపెట్టు గుర్తులు కొన్ని యున్నవి. నాలుగు గంటలవేళ గాలి పూర్తిగా స్తంభించి, ఉక్క భరింపరానిదగును. పక్షులు పెందలకడనే గూళ్లు చేరును. పడమటనో వాయవ్యముననో ఆకాశము మసిగుడ్డ పఱచినట్లగును. ఆ నలుపు క్రింద ఎఱ్ఱని దుమ్ముతెర కనబడెనా, ఇక పావుగంటకంటె వ్యవధి లేదన్నమాట. మొదట దుమ్ము, వెంటనే చల్లనిగాలి, ఆపైన కాసంతలేసి చినుకులు, పిమ్మట ఉఱుము, మెఱుపు, వాన. కొన్ని నిమిషములలోనే ఎండవేడి పదిడిగ్రీల వరకు దిగిపోవును. గంటకు 50, 60 కిలోమీటర్ల గాలి ఇందు సామాన్యము. ఒక్కొక్కప్పుడు 80ని మించుటయు గలదు. అంతయు అరగంట, మహా యయినచో గంట. తరువాత నక్షత్రములు కనబడును. ఏమియు జరుగనట్లు ఆకాశము నిర్మలమగును.

అట్టి గాలివాన వెలిసిన మఱునాటి యుదయమున నేను విస్సన్నపేట దారిలోని యొక తోటను చూచితిని. దారిపొడవున చింతకొమ్మలు, వేపకొమ్మలు విఱిగిపడియుండగా వానిని నఱికి ప్రక్కకు లాగుచుండిరి. కరెంటుస్తంభములు కొన్ని ఒరిగి, తీగలు పొలములలో వ్రేలాడుచుండెను. తోటలో అడుగుపెట్టినంతనే నేల కనబడలేదు. కాయలపై కాయలు, ఆకులపై ఆకులు. ముదరని కాయ పగిలి, లోపలి తెల్లనికండ నల్లబడుచుండెను. సొనవాసన ముక్కులకు ఘాటుగా తగిలెను. రెండు పెద్దచెట్లు వేళ్లతో పెల్లగిలి, వేళ్లకంటిన ఎఱ్ఱమట్టితో ప్రక్కకు వాలియుండెను. మామిడికాయ పొడవైన కాడకు వ్రేలాడును. కాయ బరువెక్కినకొలది ఊపునకు తొడిమ తెగుట సులభము. కాబట్టి కోతకు పదిరోజులున్నదనగా వచ్చిన గాలి చేయు నష్టము పిందెనాడు వచ్చినదానికంటె ఎన్నియో రెట్లు.

కాపలాకాయు ముసలామె తట్టలో మంచికాయలను ఏరుచుండెను. "ఇవి దేనికి పనికివచ్చును మామ్మా?" అని అడిగితిని.

"ఏం పనికొత్తాయమ్మా, పచ్చళ్లోళ్లు వొచ్చి అడిగిన రేటుకి పట్టుకెళ్తారు. చెట్టున ఉంటే కాయ. కింద పడితే చెత్త" అని ఆమె కాయను త్రిప్పి కందిన ప్రక్కను నాకు చూపెను. వెలికి చిన్నమచ్చయే. కాని బొటనవ్రేలితో నొక్కగా లోపల మెత్తబడియుండెను.

ఆ మాటలో లోకమునకు తెలియవలసిన లెక్కయున్నది. పడినకాయ పూర్తిగా ముదరనిచో పండదు. ముదిరినదైనను, దెబ్బతగిలినచోట క్రుళ్లు పుట్టి రెండుమూడు దినములలో పెట్టెలోని మంచికాయకును అంటుకొనును. వడగండ్లు తగిలిన కాయపై నల్లనిమచ్చ నిలిచిపోవును. పైగా ఒక్కతోటలోనే కాదు, గాలి తగిలిన తోటలన్నిటిలోను ఒకేనాడు కాయ రాలును. అందఱును ఒకేనాడు బజారునకు తెచ్చుటచేత ధర నేలకు దిగును. ఇక కూలిన చెట్టు సంగతి వేఱు. అంటుమొక్క నాటిన నాలుగైదేండ్లకు కాపు మొదలైనను, నిండుకాపునకు పదియేండ్లు దాటవలెను. తాత నాటిన చెట్టు కూలినచో దాని నీడను, కాపును మనుమడు మాత్రమే మరల చూడగలడు.

మామిడితోటలే కాదు. అరటితోటలకు ఈ గాలియనిన ప్రాణభయము. అరటికి కఱ్ఱ లేదు. గెల బరువునకే వంగు బోదె గాలికి నడిమికి విఱుగును. దాళ్వా వరి కోసి కళ్లములలో రాశులు పోసినవారు, మొక్కజొన్న దారిప్రక్కల ఎండబెట్టినవారు, మిరప కళ్లములవారు బరకములు పట్టుకొని పరుగెత్తవలసినదే. రేకులకప్పుల యిండ్లలో రేకు లేచినచో అది కత్తివలె ఎగిరి మనుష్యులను గాయపఱచును. ఊళ్లలో కరెంటు ఒకటిరెండు దినములు లేకపోవుట సాధారణము. మోటారు తిరుగదు, కుళాయిలో నీరు రాదు. గాలివాన వెలిసిన తరువాత అసలు పని ఆడువారికే మొదలగును. తడిసిన వంటచెఱకు, తడిసిన ధాన్యము, తడిసిన పక్కబట్టలు, చీకటిలో చంటిబిడ్డలు.

సముద్రపు తుపానులకు చరిత్రయున్నది. 1990 మే 9న కృష్ణాతీరమును తాకిన పెనుతుపాను 900కు పైగా ప్రాణములను బలిగొనెను. ఆ సంవత్సరమును ఈ ప్రాంతమువారు మఱువలేదు. 2010 మే నెలలో బాపట్ల చెంత తీరము దాటిన తుపానునకు లైలా యని పేరు. 2004 నుండి మన సముద్రములలో పుట్టు తుపానులకు పేర్లు పెట్టుచున్నారు. పేరున్నదానికి ముందుగా హెచ్చరిక యుండును, పిమ్మట లెక్కయుండును, సాయముండును. వేసవి గాలివానకు పేరు లేదు. వంగదేశీయులు మాత్రము తమ గాలివానను కాలవైశాఖి యని పిలుతురు. దాని రాకను పంటకు మేలనియు, గుడిసెకు కీడనియు భావింతురు. కేరళ కర్ణాటక సీమలలో వేసవినాటి చిఱువానలకు మామిడిజల్లులని పేరు. వానినుండి కాయ ఊరునని అచ్చటివారు సంతోషింతురు. ఆ జల్లునకు గాలి తోడైనచో మామిడికి శత్రువగును. ఒకే మేఘము మేలునకును కీడునకును కారణమగుచున్నది.

పేరు లేనంతమాత్రమున ఇది చిన్నదని యెంచరాదు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరదేశమున మురాదాబాదు ప్రాంతమున కురిసిన వడగండ్లవానలో 246 మంది మరణించిరి. 2018 మే 2వ తేదీ రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ సీమలలో లేచిన ధూళితుపానునకు నూఱుమందికి పైగా బలియైరి. మన ఆంధ్రదేశముననే అదే సంవత్సరము ఏప్రిల్ 24న 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు విపత్తుల నిర్వహణసంస్థ లెక్కించెను. ఇవి పెద్దలెక్కలు. కాని వేసవి గాలివానలలో పెక్కింటికి ఇట్టి లెక్కయు లేదు. ఇద్దఱు ముగ్గురు మరణించిరి, నాలుగు గ్రామములలో తోటలు దెబ్బతినెను అని పత్రికలో ఒక మూల రెండు పంక్తులు. మఱునాడు అదియు ఉండదు. ఇట్టి రెండుపంక్తుల వార్తలు ఏటేట వేసవియంతయు వచ్చుచునేయుండును. అన్నిటిని కూర్చినచో ఒక పెద్దతుపానునకు తీసిపోదు.

ఇప్పుడు ఆ నాలుగు పొయ్యిల మాట. పంట మూడవవంతు, అనగా నూటికి 33 పాళ్లు, నష్టమైనచో సాయమునకు అర్హత కలుగునని 2015లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. అంతకుముందు సగము నష్టము కావలసియుండెను. ఇది రైతునకు మేలే. కాని నష్టమును చూచుటకు వచ్చినవారు ముందుగా చూచునది భూమి యెవరి పేర నున్నదను కాగితమును. గుత్తదారు మాటమీద గుత్త తీసికొనినవాడు. అతని పేరు కాగితములో ఉండదు. ముందుగా చెల్లించిన సొమ్ము పోయినది, మిగిలిన సొమ్ము చెల్లింపక తప్పదు. తెచ్చిన అప్పునకు వడ్డీ తిరుగుచుండును. అతని యింటి యిల్లాలి మెడలోని బంగారము ఆ యేడు తాకట్టునుండి విడిపింపబడదు. కాపరి కుటుంబమునకు సగముకాలమునకే పని తీఱిపోవును. కూలికి వచ్చు స్త్రీలకు కోతయే లేదు గనుక కూలియు లేదు. రాలినకాయ ఎంత యని లెక్కింపవచ్చును. రానికూలి ఎంత యని లెక్కించువారెవరు? తోటగలవారి యింటి సోదరీమణులు ఒకమాట మనస్సున నుంచుకొనుడు. గుత్త యిచ్చునప్పుడు కాగితముమీద వ్రాయించుటయు, గాలివానకు కాయ రాలినచో గుత్తసొమ్ములో ఎంత తగ్గింపవలెనో ముందే అనుకొనుటయు న్యాయము. ఇంటి మగవారికి ఈ మాట మనము చెప్పవచ్చును. ఎదుటివాని యింటి పొయ్యి సంగతి మనకు తెలిసినట్లు వారికి తెలియదు.

సొమ్ము పోయిన యిల్లు మరల నిలబడును. ప్రాణము సంగతి అట్లు కాదు. గాలి లేచి కాయలు టపటప రాలుట వినబడినంతనే, తోటల చుట్టుప్రక్కల యిండ్లలోని ఆడువారు, పిల్లలు తట్టలు పట్టుకొని చెట్లక్రిందికి పరుగెత్తుట ఈ సీమలో తఱచుగా చూచెదము. రాలినకాయ ముందు ఏరినవారిదను భావము ఒకటి. వానకు తడిసి బురద యంటకముందే ఏరవలెనను ఆత్రము మఱియొకటి. సరిగా పిడుగుపడు సమయమునకు, సరిగా పిడుగుపడు చోటికి పోవుటయే యిది. పిడుగు ఎత్తైనదానిని వెదకి పడును. చెట్టుపై పడిన పిడుగు మానునుండి ప్రక్కననున్న మనుష్యునిపైకి దూకును. వేళ్లచుట్టునున్న తడినేలగుండ కూడ ప్రాకును. చెట్టుక్రింద చేరిన గొఱ్ఱెలమంద ఒక్క పిడుగునకు మడియుట ఇందువలననే. కొమ్మ విఱిగి మీదపడు ప్రమాదము వేఱు. నేను చూచిన ముసలామెకు ఈ శాస్త్రము తెలియదు, కాని దాని సారము తెలియును. "గాలి ఆగిందాకా చెట్టు కిందకి పోబాకండమ్మా. కాయ రేపైనా ఏరుకోవచ్చు. మడిసి పోతే ఏరుకోలేం గదా" అనెను. ఇంతకంటె చక్కగా ఏ పండితుడు చెప్పగలడు?

ప్రతి యిల్లాలు తెలిసికొని, పిల్లలకును పనివారికిని చెప్పవలసిన జాగ్రత్తలు కొన్ని వ్రాయుచున్నాను. మెఱుపు కనబడినంతనే ఒకటి, రెండు అని నెమ్మదిగా లెక్కింపుడు. 30 అంకెలు లెక్కించులోపలనే ఉఱుము వినబడినచో మేఘము 10 కిలోమీటర్లలోపల నున్నది. వెంటనే గట్టికప్పుగల యింటిలోనికి పోవలెను. ఉఱుము వినబడినప్పుడు అర్జునుని నామములు చెప్పుకొనుట మన యిండ్లలో పిల్లలకు నేర్పు అలవాటు. ఆ నామములు చెప్పుకొనుడు, ఆ వెనుక లెక్కయు పెట్టుడు. చివరి ఉఱుము వినబడిన తరువాత అరగంట గడచువరకు బయటకు రాకుండుట మేలు. తోటలోని పాక పిడుగునుండి కాపాడలేదు. చేరువ గట్టి భవనము లేనిచో, తలుపులు అద్దములు మూసిన కారో బస్సో మేలు. బయలులో చిక్కుకొనినవారు నేలపై పరుండరాదు. రెండు పాదములు దగ్గఱగా చేర్చి, తలవంచి గొంతుకూర్చుండవలెను. గుంపుగా నుండక దూరదూరముగా నుండవలెను. ఇంటిలోనున్నను కుళాయి క్రింద స్నానము, అంట్లుతోముట, గోడకు తగిలించిన తీగలతో పని ఆ సేపు మానవలెను. పిడుగు తగిలినవారి దేహమున విద్యుత్తు నిలిచియుండదు. వారిని తాకుటకు భయపడవలదు. ఊపిరి ఆగినవారికి వెంటనే ఎదనొత్తి, శ్వాసనిచ్చినచో బ్రతికింపవచ్చును. ఆసుపత్రికి కబురు పంపుచునే ఆ పని చేయవలెను. పూనాలోని వాతావరణ పరిశోధనసంస్థవారు పిడుగుల జాడ తెలుపుటకు దామిని యను సాధనమును మొబైల్ ఫోనులకై చేసియుంచిరి. ఇంట ఒక్కరి ఫోనులోనైనను అది యుండుట మంచిది. తెగిపడిన కరెంటుతీగ దాపునకు ఎవ్వరిని పోనీయరాదు. నీటిలో పడినదైనచో మఱింత దూరముగా నుండవలెను.

తోటలవారు చేసికొనదగిన కాపుదల కూడ కొంతయున్నది. పడమట, వాయవ్య దిక్కుల గట్లపై సరుగుడో వెదురో దట్టముగా బారుగా పెంచినచో గాలివేగము తగ్గి చెట్లకు తాకును. గోడవలె పూర్తిగా అడ్డుపెట్టినదానికంటె, కొంత గాలిని వడపోసి విడుచు చెట్లబారుయే మేలైనది. కాపు తీసిన తరువాత ఎండుకొమ్మలు, ఒకదానిపై నొకటి పెరిగిన కొమ్మలు తీసివేయించినచో గాలి చెట్టులోనుండి సులభముగా దాటిపోవును. ముదిరినకాయను ముదిరినట్లు విడతలుగా కోయించినచో, ఒకేనాడు అంతయు పోగొట్టుకొనవలసిన గతి పట్టదు. రేకులకప్పులకు వేసవి రాకముందే మేకులు బిగించి చూచుకొనవలెను.

ఇక రాలినకాయ మన వంటయింటికి వచ్చినప్పుడు చేయవలసినదేమి? చౌకగా వచ్చినవి కదా యని ఏడాది ఆవకాయకు ఉపయోగింపరాదు. టెంకగట్టి, దెబ్బలేని కోతకాయయే ఆవకాయకు తగినది. కందిన ముక్క ఒక్కటి చేరినను జాడీయంతయు మెత్తబడి బూజుపట్టును. తెచ్చిననాడే కాయలను కడిగి తుడిచి మూడు పాళ్లుగా వేరుచేయవలెను. దెబ్బతగులని పులికాయలు రెండుమూడు దినములలో పప్పునకును, పులిహోరకును, అప్పటికప్పుడు తినెడు పచ్చడికిని వాడుకొనవచ్చును. ఒకప్రక్క మాత్రమే కందినవాని కందినభాగమును లోతుగా కోసిపాఱవైచి, మిగిలినదానిని చెక్కుతీసి, ముక్కలుగా తఱిగి, ఉప్పు పసుపు కలిపి మండుటెండలో ఎండబెట్టినచో ఒరుగులగును. గాలివాన మఱునాడు సాధారణముగా ఎండ తీవ్రముగానే కాయును. ఆ ఒరుగులు వర్షకాలమంతయు పప్పులో పులుపునకు అక్కఱకు వచ్చును. ముదిరినకాయలను మాత్రము వేఱుగా గడ్డిలో నుంచి, దినమున కొకమాఱు చూచుకొనుచు, పండినవానిని పండినట్లు తినుటయో తాండ్ర పోయుటయో చేయవలెను. పగిలి మట్టిదూరినవి మనుష్యులకు తగవు. రాలినకాయలు అమ్మవచ్చిన స్త్రీతో బేరమాడునప్పుడు ఆమె ఆ యేటి కూలి ఆ తట్టలోనే యున్నదని మాత్రము జ్ఞప్తియుంచుకొనుడు.

యాత్రకుపోయినవారు గుళ్లు, కోటలు, కొండలు చూచి వచ్చి వర్ణింతురు. నూజివీటి సీమలో చూడదగినవి అవియు నున్నవి. కాని యొక సీమను తెలిసికొనుటకు దాని సంపదను మాత్రమే కాక, ఆ సంపద ఏ గాలికి పోవునో, పోయినప్పుడు ఎవరి కంట నీరు వచ్చునో కూడ తెలిసికొనవలెను. ఆ పగలు ఆ తోటలో పడినకాయలు ఏరుట సాగుచుండగనే, గుత్తదారు కొమ్మలపై నిలిచిన కాయలను చూపి, నూటికి ముప్పది మిగిలినవి, అవియైనను దక్కినచో చాలునని మొక్కుకొనుచుండెను. పెల్లగిలిన చెట్టులో చిన్నదానిని పదిమంది పట్టి లేపి, మొదట మట్టివేసి, వాసములు ఆనించి నిలిపిరి. బ్రదుకునో లేదో యనిరి. అయినను కొమ్మలు కత్తిరించి నీరు పెట్టిరి. ఈ యేడు రసముపండు మీ బల్లపైకి వచ్చినప్పుడు, అది ఎన్ని గాలులకు ఓర్చి కొమ్మను పట్టుకొని నిలిచినదో పిల్లలకు ఒక్కమాట చెప్పుడు. ఆ సాయంకాలము పడమట మబ్బుపట్టి ఉఱిమినచో, వారిని ముందుగా లోపలికి పిలువుడు.